ప్రైమరీ బడిలో ఆరోగ్యం, భద్రత: పీరియడ్ దొరకని పాఠాల వెనుక కథ

విశాఖలో ప్రభుత్వ ప్రైమరీ బడి టైంటేబుల్ చూస్తే తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు, పరిసరాల విజ్ఞానం వరసగా కనిపిస్తాయి. ఒంటి శుభ్రత, తిండి, కోపతాపాలు, స్నేహాలు, ఎవరైనా ఇబ్బంది పెడితే ఏం చేయాలన్నది... వీటికి మాత్రం ఒక పీరియడంటూ ఉండదు. అలాగని ఇవి బడి గడప తొక్కలేదని కాదు. ఒకసారి వైద్యశాఖతో, ఒకసారి విద్యాశాఖతో, ఇంకోసారి పోలీసులతో వస్తూనే ఉన్నాయి. ఎవరి కార్యక్రమం వారిది, ఎవరి రిజిస్టరు వారిది. రోజంతా పిల్లలతో ఉండే టీచరు చేతికి మాత్రం ఇదంతా ఒక పాఠంగా అందలేదు.

మన దేశంలో బడిపిల్లలకు తొలి వైద్య పరీక్షలు 1909లో బరోడాలో జరిగాయి. బడుల్లో ఆరోగ్య సేవలు దాదాపు లేనట్టేనని 1946లో దేశ ఆరోగ్య స్థితిని పరిశీలించిన భోర్ కమిటీ తేల్చింది. కేంద్రం 1960లో వేసిన స్కూల్ హెల్త్ కమిటీ మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది. అప్పటికింకా చూపంతా కళ్లు, పళ్లు, ఎత్తు, బరువు మీదే. 1975లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యప్రణాళిక ఒకటో తరగతి నుంచే ‘ఆరోగ్య విద్య, ఆటలు’కు చోటిచ్చింది. ఆచరణలో ఆటలు మిగిలాయి. ఆరోగ్యం పరిసరాల విజ్ఞానంలో ఒకటి రెండు పాఠాలకు కుదించుకుపోయింది.

అసలు మలుపు 2005 తర్వాత వచ్చింది. ఎదిగే వయసు పిల్లలకు ఒంటి మార్పులు, లైంగిక విషయాలు చెప్పేందుకు ఆ ఏడాది మొదలైన కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007 నాటికి పలు రాష్ట్రాలు వ్యతిరేకించాయి, కొన్ని నిలిపేశాయి. అది పెద్ద తరగతుల కార్యక్రమం. అయినా ‘ఒంటి గురించి మాట్లాడితే గొడవే’ అన్న భయం చిన్న తరగతుల దాకా పాకింది. విచిత్రంగా అదే 2007లో కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ అధ్యయనం బయటికొచ్చింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగితే 53.22 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారో, నమ్మకమైన స్థానంలో ఉన్నవారో. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది.

రాష్ట్రంలో 2011 పాఠ్యప్రణాళిక చట్రం, దాని వెంట వచ్చిన నిరంతర సమగ్ర మూల్యాంకనం (పిల్లలను ఏడాది పొడవునా అన్ని కోణాల్లో అంచనా వేసే పద్ధతి) వల్ల ఆరోగ్య వ్యాయామ విద్య, విలువల విద్య, జీవన నైపుణ్యాలు గ్రేడ్లలోకి ఎక్కాయి. ఆలోచన మంచిదే. కానీ టైంటేబుల్లో చోటివ్వకుండా గ్రేడ్ అడిగితే, రిజిస్టరు నిండుతుంది తప్ప పాఠం జరగదు.

ఇంకోవైపు మాత్రలు వచ్చాయి. 2015 నుంచి నులిపురుగుల నివారణ దినం జరుగుతోంది. బడిపిల్లలకు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, నమిలి మింగాలి. జ్వరంతో ఉన్నవారికి ఆ రోజు ఇవ్వరు, తర్వాతి విడతలో వేస్తారు. 5 నుంచి 10 ఏళ్ల పిల్లలకు వారానికో గులాబీ రంగు ఐరన్ మాత్ర: 45 మిల్లీగ్రాముల ఐరన్, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. తేడా ఎక్కడొస్తుందంటే, ఐరన్ మాత్ర పరగడుపున వేస్తే కడుపులో తిప్పుతుంది. మధ్యాహ్న భోజనం అయ్యాక ఇస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. మలం నల్లగా రావడం మామూలేనని ముందే చెప్పకపోతే తల్లి భయపడి మరుసటి వారం వద్దంటుంది. నులిపురుగులు ఎక్కువగా ఉన్న పిల్లలకు మాత్ర వేశాక కాస్త కడుపునొప్పి, వికారం రావచ్చు. ఆ మాట ముందురోజే తల్లిదండ్రుల చెవిన వేయాలి. ఇద్దరు పిల్లలు వాంతి చేసుకుంటే చాలు, సాయంత్రానికి ‘మందు వికటించింది’ అనే వదంతి వాడంతా తిరుగుతుంది. మాత్ర మింగించడమే పని అనుకుని, ఎందుకు మింగాలో చెప్పే పదినిమిషాలు వదిలేయడం వల్లే ఇదంతా.

2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద స్కూల్ హెల్త్ అండ్ వెల్‌నెస్ కార్యక్రమం మొదలైంది. ముందుగా ఆకాంక్షిత జిల్లాలకు, అంటే వెనకబడినవిగా కేంద్రం గుర్తించిన జిల్లాలకు ఇచ్చారు. పాడేరు మన్యం కలిసి ఉన్న నాటి విశాఖ జిల్లా ఆ జాబితాలో ఉంది. బడికి ఇద్దరు టీచర్లకు శిక్షణ, 11 అంశాలు, వారానికో గంట. ఇన్నాళ్లకు టీచరునే నడిపించే మనిషిగా పెట్టిన పథకం ఇది. కానీ తొలి దశలో ప్రాథమికోన్నత తరగతులు, ఆ పైవే లెక్కలోకి వచ్చాయి. ఒకటి నుంచి ఐదు దాకా మళ్లీ బయటే. పైగా మరుసటి నెలలోనే కొవిడ్ బడులను మూసేసింది.

తర్వాత 2022లో జీవో 117తో 3, 4, 5 తరగతులను చాలాచోట్ల హైస్కూళ్లకు కలిపారు. సబ్జెక్టు టీచర్లు వచ్చారు సరే, ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒకే తరగతిని కనిపెట్టుకునే మనిషి పోయారు. పిల్ల నాలుగు రోజులుగా ముభావంగా ఉందని పసిగట్టేది ఆ మనిషే. 2025లో ఆ విధానం పక్కకు పోయి, తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు వచ్చాయి. వారానికి అరగంట స్థిరంగా కేటాయించడానికి ఇదే అనువైన సమయమని మా అభిప్రాయం.

ఆ అరగంట ఎలా గడవాలో చేతులు కడగడంతోనే చూడొచ్చు. 60 మంది పిల్లలు, రెండు కుళాయిలు ఉన్న బడి తీసుకోండి. సబ్బుతో 20 సెకన్లు రుద్ది, కడిగి, పక్కకు తప్పుకోవడానికి ఒక్కొక్కరికి అర నిమిషం. మొత్తం 15 నిమిషాలు. అన్నం గంటకు ఐదు నిమిషాల ముందు వదిలితే సగం మంది నీళ్లు తగిలించుకుని పరిగెడతారు. తరగతుల వారీగా వదలాలి. సబ్బు పోతుందని బీరువాలో దాచేకంటే, వల సంచిలో వేసి కుళాయికి కడితే పోదు, కింద పడి అరగదు. మత్స్యకారులుండే జాలారిపేటలో వల ముక్కకు కొదవ లేదు.

భద్రత పాఠంలో జరిగే పొరపాట్లు ఇంకా బరువైనవి. ఏడాదికోసారి ఎవరో వచ్చి ‘మంచి స్పర్శ, చెడు స్పర్శ’ అని చెప్పి వెళ్తారు. చెడు అంటే నొప్పి అనుకుంటారు పిల్లలు. నొప్పి లేకుండా, చాక్లెట్ ఇచ్చి, తెలిసిన మామయ్యే చేస్తే అది లెక్కలోకి రాదనుకుంటారు. అందుకే స్పర్శతో పాటు ‘ఎవరికీ చెప్పకు’ అన్న మాటను గుర్తుపట్టడం నేర్పాలి. వద్దను, అక్కణ్నుంచి వచ్చెయ్, పెద్దవాళ్లకు చెప్పు: ఈ మూడూ గొంతెత్తి, లేచి నిలబడి సాధన చేయించాలి. మూడో తరగతి నుంచి కాగితం మీద చెయ్యి పెట్టి గీయించి, వేలికొకరు చొప్పున నమ్మకమైన ఐదుగురి పేర్లు రాయించవచ్చు. అమ్మ తెల్లారకముందే ఫిషింగ్ హార్బరుకు వెళ్తే ఆ వేళకు ఇంట్లో ఎవరుంటారు? ఐదుగురిలో ఒకరైనా ఇంటి బయటివారు ఉన్నారా? టీచరు ఈ రెండూ చూసుకోవాలి.

పాఠం సరిగ్గా జరిగితే ఏదో ఒకరోజు ఒక బిడ్డ వచ్చి చెబుతుంది. అప్పుడు గుచ్చిగుచ్చి అడగకూడదు, ‘ఎవరికీ చెప్పనులే’ అని మాట ఇవ్వకూడదు. బిడ్డ అన్న మాటలు అన్నట్టుగా రాసుకుని పోలీసులకు తెలపాలి. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 కూడా ఉంది. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలపడం తప్పనిసరి. దాస్తే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా, సంస్థ బాధ్యుడైతే తన కింది ఉద్యోగి విషయంలో ఏడాది దాకా జైలు. బిడ్డ వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదని 24వ సెక్షన్ చెబుతోంది. బిడ్డను స్టేషనుకు తీసుకెళ్లక్కర్లేదు, ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. ఈ సంగతి తల్లికి టీచరే చెప్పగలిగితే, పరువు పోతుందని వెనక్కి తగ్గే కుటుంబాల్లో కొన్నయినా ముందుకొస్తాయి.