తూకం ఒక మాట, రక్తం ఒక మాట

విజయవాడ సూర్యారావుపేటలోని ఒక ల్యాబ్ మా పిన్నికి ఇచ్చిన కాగితం నా ముందుంది. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 56 కిలోలు, బీఎంఐ (ఎత్తుకు తగిన బరువు ఉందా అని చూసే లెక్క) 24కు కాస్త పైన. పక్కన ‘నార్మల్’ అని అచ్చయి ఉంది. కింది వరుసల్లో ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వులు 212, ఉండాల్సినదానికంటే ఎక్కువ; మంచి కొలెస్ట్రాల్ 38, ఉండాల్సినదానికంటే తక్కువ. నడుము చుట్టుకొలతకు గడే లేదు. ఇంటికి వచ్చాక కుట్టుమిషను సొరుగులోని టేపుతో కొలిస్తే 88 సెంటీమీటర్లు వచ్చింది.

2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దేశానికి వచ్చినప్పటి నుంచి ఊబకాయం ఎవరికి ఉన్నట్టు అనే వాదన మళ్ళీ రాజుకుంది. ఆ మందులకు అనుమతి బీఎంఐ 30 ఉన్నవారికి, లేదా 27 ఉండి తోడుగా మరో జబ్బు ఉన్నవారికి. పిన్ని వంటివారు ఆ లెక్కలోకే రారు. ఈ వాదనలో నా దృష్టిలో అసలు మలుపు 2009.

ఆ ఏడాది మన దేశపు వైద్యనిపుణులు భారతీయులకు బీఎంఐ 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం అనీ, స్త్రీలకు నడుము 80 సెంటీమీటర్లకు చేరితే ముప్పు అనీ ఏకాభిప్రాయ ప్రకటన వెలువరించారు. అదే ఏడాది అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ న్యూగార్డ్ బృందం, ఊబకాయుల రక్తంలో ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే అమైనో ఆమ్లాలు (ప్రొటీన్లలోని భాగాలు) ఎక్కువగా ఉంటాయనీ, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడంతో వాటికి దగ్గరి సంబంధం ఉందనీ చూపింది. ఆ బృందం ఎలుకలపై చేసిన ప్రయోగం నాకు మరీ ముఖ్యం. కొవ్వు మేతలో ఈ ఆమ్లాలు కలిపి పెట్టిన ఎలుకలు తక్కువ తిన్నాయి, మామూలు మేత తిన్నవాటికంటే బరువేమీ పెరగలేదు, అయినా వాటి ఇన్సులిన్ మొరాయించింది. బరువు, రక్తం వేర్వేరు దారులు పట్టగలవని అక్కడ తేలింది. (పప్పు, పెరుగు మానేయాలని దీని అర్థం కాదు, ఊబకాయంలో కొవ్వు కణజాలం ఈ ఆమ్లాలను సరిగా ఖర్చు చేయలేకపోవడం కూడా అవి రక్తంలో పెరగడానికి ఒక కారణం.)

ఆసియావాసులకు తక్కువ బీఎంఐలోనే ముప్పు మొదలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లోనే ఒప్పుకున్నారు. అయినా 25, 30 అనే అంతర్జాతీయ హద్దులను మార్చక, 23ను అదనపు హెచ్చరిక గీతగా మాత్రమే చేర్చారు. హద్దు తగ్గిస్తే ఆరోగ్యంగా ఉన్న లక్షల మందిని రోగులుగా మార్చి మందుల కంపెనీలకు అప్పగించినట్టవుతుందనే అభ్యంతరం ఈనాటికీ ఉంది. అది తోసిపుచ్చదగినది కాదు. కానీ రక్తం చెప్పేదానికి అది జవాబు కాదు.

2009 తరువాతి పరిశోధనల్లో ఎవరి రక్తం చూశారన్నదే కీలకం. ఎక్కువ మంది యూరోపియన్ స్త్రీలే ఉన్న బ్రిటన్ కవలల అధ్యయనంలో, రక్తంలో కొలిచిన మెటబొలైట్లలో (శరీరం ఆహారాన్ని వాడుకునేటప్పుడు తయారయ్యే చిన్న రసాయనాలు) దాదాపు మూడో వంతు బీఎంఐతో ముడిపడి ఉన్నాయని 2019లో వెల్లడైంది. ఒకే బీఎంఐ ఉన్నా రక్తం తీరు వేరైతే గుండె ముప్పూ వేరని అది చూపింది. దక్షిణాసియా సంతతిని యూరోపియన్లతో పోల్చిన లండన్ సాబ్రె అధ్యయనం, మనవారిలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం రాబోయే మధుమేహాన్ని మరింత గట్టిగా సూచిస్తుందని 2015లో తెలిపింది. అయితే ఆ విశ్లేషణలో ఉన్నది పురుషులే. ఒకచోట స్త్రీలున్నా మనవారు కారు, మరోచోట మనవారున్నా స్త్రీలు లేరు.

ఇక్కడి పరిస్థితి చూస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 36.3 శాతం మంది అధిక బరువు లేదా ఊబకాయంతో ఉన్నారు. దేశ సగటు 24 శాతం. అది కూడా బీఎంఐ 25ను హద్దుగా పెట్టుకున్న లెక్క. పిన్ని ఈ 36 శాతంలో లేరు.

గుంటూరు కొత్తపేటలో తరువాత చూపించిన డాక్టరుగారు ముందు టేపు తీశారు, ఆ తరువాతే ల్యాబ్ కాగితం చూశారు. ఇంజెక్షన్ ఊసెత్తలేదు, మూడు నెలల షుగరు సగటు పరీక్ష రాసి, అమ్మానాన్నల్లో ఎవరికైనా మధుమేహం ఉందా అని పిన్నిని అడిగారు.