లైబ్రరీ గోడ మీద బొమ్మలు: అపోహలు - వాస్తవాలు

నేను బొమ్మలు వేస్తాను. అయితే ఈ మధ్య వేసినవాటికన్నా వేలాడదీసినవే ఎక్కువ. మా లైబ్రరీలో పత్రికలు చదివే బల్లల పక్కనున్న పొడవాటి గోడని గ్యాలరీ అంటాం. చుట్టుపక్కల ఆర్టిస్టుల పనిని నెలకొకరిది చొప్పున దాని మీద పెడతాం. వరస కుదర్చడం, తీగలు బిగించడం, నెల తిరగ్గానే దించి అప్పజెప్పడం నా వంతు. వచ్చే ఆర్టిస్టులు మారతారు గానీ వాళ్ళు అనే మాటలు దాదాపు అవే. వాటిలో సగం నేనూ ఒకప్పుడు అన్నవే.

అపోహ: పేరున్న గ్యాలరీలో చోటు దొరకనివాళ్ళే లైబ్రరీకి వస్తారు.

ఎవరు ఈ మాటన్నా నాకు న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ళ పేటగా పేరున్న హార్లెం గుర్తొస్తుంది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి అక్కడ 135వ వీధిలో ఒక శాఖ ఉండేది. నల్లజాతి చిత్రకారులకి పెద్ద గ్యాలరీల తలుపులు దాదాపు మూసే ఉన్న రోజుల్లో, 1921లో, ఆ శాఖ వాళ్ళ పనితో ప్రదర్శన పెట్టింది. నల్లజాతి చిత్రకారుడు ఆరన్ డగ్లస్ 1934లో నాలుగు పెద్ద కుడ్యచిత్రాలు వేసింది కూడా ఆ లైబ్రరీ కోసమే. చోటు దొరకనివాళ్ళు వచ్చారన్నది అక్కడ నిజమే. కాకపోతే అది వాళ్ళ పనిలో లోటుండి కాదు.

అసలు తేడా చూసేవాళ్ళలో ఉంది. గ్యాలరీకి వచ్చే మనిషి బొమ్మ కోసమే వస్తాడు, ఒకసారి చూస్తాడు, వెళ్ళిపోతాడు. లైబ్రరీలో మీ బొమ్మ ముందు నిలబడేది పుస్తకం తిరిగిచ్చేసి పోదామని వచ్చినావిడ. ఆవిడ మళ్ళీ వారం వస్తుంది, ఆ పై వారమూ వస్తుంది. మూడోసారో నాలుగోసారో ఆగుతుంది. "ఈ బొమ్మలో ఆ కిటికీ తెరిచి ఉందని ఇవాళే చూశానండీ" అని ఒక పాఠకురాలు నాతో అన్నది ప్రదర్శన ఇరవయ్యో రోజున. ఆరంభం రోజున ఎంతమంది వచ్చారో లెక్కపెట్టుకుని డీలాపడే ఆర్టిస్టులకి ఈ సంగతే చెబుతుంటాను.

అపోహ: గోడా మేకూ ఉంటే చాలు.

చాలా లైబ్రరీల్లో గోడకి మేకు కొట్టనివ్వరు. సీలింగ్ కింద అల్యూమినియం పట్టీ ఒకటి ఉంటుంది. దాన్నుంచి సన్నటి తీగలు దిగుతాయి, తీగల మీద పైకీ కిందకీ జరిగే హుక్కులుంటాయి. దీనికి తగ్గట్టు మీ ఫ్రేమ్ వెనక రెండు పక్కలా డి ఆకారపు రింగులు బిగించి ఉండాలి, పై అంచు నుంచి పావు వంతు కిందకి. ఫ్రేమ్ మధ్యలో రంపం పళ్ళలాంటి చిన్న రేకు బిగించుకుని వస్తారు చూడండి, దానితో నాకు టెన్షన్. ఎవరి భుజమో తగిలితే చాలు, జారిపోతుంది. లైబ్రరీలో భుజాలు తగులుతూనే ఉంటాయి.

ఎత్తు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, అందరూ తప్పేది ఇక్కడే. మొదటిసారి నేను నా కళ్ళని బట్టి కట్టాను. నేను కాస్త పొడగరిని. మర్నాడు చక్రాల కుర్చీలో వచ్చినాయన "మీ ఫ్రేముల అడుగులు చాలా బాగున్నాయి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ సాయంత్రం అన్నీ దించి మళ్ళీ కట్టాను.

మామూలుగా పాటించే లెక్క ఏమిటంటే, బొమ్మ నడిమధ్య నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండాలి. లైబ్రరీకి నేను 57 పట్టుకుంటాను, పిల్లలు ఎక్కువగా వచ్చే మూల అయితే ఇంకాస్త కిందకి. మరి హుక్కు ఎక్కడ? 24 అంగుళాల ఎత్తున్న ఫ్రేమ్ తీసుకోండి. సగం 12. వెనక రెండు రింగుల మధ్య కట్టిన తీగని వేలితో పైకి లాగి పట్టుకుంటే అది ఫ్రేమ్ పై అంచుకి 3 అంగుళాల కింద ఆగిందనుకుందాం. 57కి 12 కలిపి 3 తీసేస్తే 66. హుక్కు 66 అంగుళాల దగ్గర. తీగని లాగకుండా వదులుగా ఉన్నప్పుడు కొలిస్తే ప్రతి బొమ్మా అంగుళమో అంగుళంన్నరో తేడా వస్తుంది, వరసంతా ఎగుడుదిగుడు. ఒక్క హుక్కు బదులు రెండు పెడితే బొమ్మ పక్కకి ఒరగదు. కింది మూలలకి చిన్న రబ్బరు బిళ్ళలు అంటిస్తే గోడకి గీత పడదు. చివర్న రసమట్టం పెట్టి బుడగ మధ్యకి వచ్చేదాకా సర్దాలి. కంటి అంచనాని నమ్మకండి, అలిసిపోయిన కంటికి అన్నీ తిన్నగానే కనిపిస్తాయి.

అపోహ: వెలుగు ఎంత ఎక్కువుంటే బొమ్మకి అంత మంచిది.

లైబ్రరీలో దీపాలు చదువుకోవడానికి పెట్టినవి. వెలుగుని లక్స్ అనే కొలతలో లెక్కేస్తారు. చదివే బల్ల మీద 500 లక్స్ వెలుగు ఉండాలని సాధారణ ప్రమాణం. నీటిరంగుల బొమ్మకీ కాగితం మీద వేసిన వేరే పనులకీ మ్యూజియంలు పాటించే హద్దు సుమారు 50 లక్స్. నూనెరంగులకీ ఆక్రిలిక్‌కీ 200 దాకా ఇస్తారు. నేరుగా పడే ఎండ అయితే లక్ష లక్స్ దాకా వెళ్తుంది. అంటే పాఠకుడికి సరిపోయే వెలుగు నీటిరంగుల బొమ్మకి పదింతలు ఎక్కువ.

వెలుగు చేసే నష్టం పోగవుతూ పోతుంది. 50 లక్స్‌లో పది గంటలున్నా, 500 లక్స్‌లో ఒక్క గంట ఉన్నా బొమ్మకి తగిలే మోతాదు ఒకటే. రోజుకి 8 గంటలు, నెలకి 25 రోజులు లైబ్రరీ తెరిచి ఉంటే 500 లక్స్ గోడ మీద లక్ష లక్స్-గంటలు. 50 లక్స్ గోడ మీదైతే పదివేలే. రాత్రి దీపాలార్పి బొమ్మని చీకట్లో ఉంచితే పోయిన రంగు తిరిగి రాదు.

ఒకసారి ఒకాయన తన పాత పూల బొమ్మ తెచ్చాడు, మౌంట్, అంటే ఫ్రేమ్ లోపల బొమ్మ చుట్టూ ఉండే అట్ట, మార్చాలని. మౌంట్ ఎత్తి చూస్తే దాని అంచు కింద దాక్కున్న సన్నటి పట్టీలో ఎర్రటి గులాబీ రంగు తాజాగా మెరుస్తోంది. వెలుగు తగిలిన మిగతా బొమ్మలో ఆ పువ్వు బూడిదరంగుకి తిరిగింది. ఆయన వాడింది అలిజరిన్ క్రిమ్సన్. నీటిరంగుల్లో తొందరగా వెలిసిపోతుందని పేరుపడ్డ రంగు. అప్పటిదాకా ఆయన, ఆ బొమ్మ మొదట్నుంచీ అలాగే ఉందనుకున్నాడట.

గాజు వేయించాం కదా అంటారు. మామూలు గాజు అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగాన్నే ఆపుతుంది. వాటిని బాగా ఆపే ప్రత్యేకమైన గాజు వేయించినా కంటికి కనిపించే వెలుగు లోపలికి వస్తుంది, రంగుని తింటుంది. అందుకే కాగితం మీది పని కిటికీకి దూరంగా కడతాను, నెలకి మించి ఉంచను.

అపోహ: బొమ్మే మాట్లాడుతుంది, లేబుల్ ఎందుకు?

మీ చూపరులు లైబ్రరీకి వచ్చినవాళ్ళు. చదవడం వాళ్ళకి అలవాటు. లేబుల్ లేకపోతే చుట్టూ వెతుక్కుంటారు, నేను చూశాను. పేరు, మాధ్యమం, ఏడాది, ఎందుకు వేశారో రెండు వాక్యాలు. అక్షరాలు 18 పాయింట్లకి తగ్గకుండా, తెల్లకాగితం మీద నలుపులో. "మానవ అంతరంగపు అన్వేషణ" లాంటి వాక్యాలు వస్తే నేను మర్యాదగానే వెనక్కి పంపిస్తాను.

అపోహ: లైబ్రరీలో పెడితే అమ్ముకోవడం కుదరదు.

ఇది కొంతవరకూ నిజం, కొంత కాదు. చాలా లైబ్రరీల సిబ్బంది డబ్బు ముట్టుకోరు. ధరల పట్టిక మాత్రం కౌంటర్ దగ్గర పెట్టనిస్తారు, కొనేవాళ్ళు ఆర్టిస్టుతో నేరుగా మాట్లాడుకోవాలి. వాణిజ్య గ్యాలరీల్లో అమ్మకం ధరలో సగం దాకా కమిషన్‌గా పోవడం మామూలే. లైబ్రరీలు ఏమీ తీసుకోకపోవచ్చు, లేదా చిన్న వాటా అడగవచ్చు. ఒప్పందంలో ఏం రాసుందో చదవండి. ఇంకో మాట, బొమ్మ అమ్మినంత మాత్రాన కాపీరైట్ అమ్మినట్టు కాదు. చాలా దేశాల్లో రాతపూర్వకంగా ఇచ్చేదాకా అది వేసినవాళ్ళ దగ్గరే ఉంటుంది. కొన్నాయన దాన్ని గ్రీటింగ్ కార్డులుగా అచ్చేసుకోవాలంటే మిమ్మల్ని అడగాలి.

అదే ఒప్పందంలో చూడాల్సినది మరొకటి, బీమా. బొమ్మ పాడైతే, పోతే ఎవరిది బాధ్యత? "లైబ్రరీవాళ్ళు చూసుకుంటారులే" అనుకోవడం పెద్ద అపోహ. చాలాచోట్ల చూసుకోరు, ఆ సంగతి ఒప్పందం చివరి పేజీలో ఉంటుంది. అప్పగించేటప్పుడు ముందూ వెనకా, నాలుగు మూలలూ ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. తీసుకెళ్ళేటప్పుడు మళ్ళీ తీయండి.

అపోహ: దించేశాక ఇక పనేం ఉంది?

నన్ను ఎక్కువ బాధపెట్టిన నష్టం గోడ మీద జరగలేదు, దించాక జరిగింది. ఎండాకాలం. ఒకమ్మాయి తన ఆక్రిలిక్ కాన్వాస్‌ని బబుల్ ర్యాప్‌లో చుట్టి, బుడగలు లోపలి వైపుకి పెట్టి, కారు డిక్కీలో వేసుకెళ్ళింది. ఆక్రిలిక్ వేడికి మెత్తబడుతుంది. మధ్యాహ్నం విప్పి చూస్తే ఆకాశమంతా గుండ్రటి ముద్రలు, వరసలు వరసలుగా. నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ముందే చెప్పకపోవడం నా తప్పే. ఇప్పుడు గోడ కింద ఒక పెట్టెలో సిలికాన్ పూత ఉన్న నున్నటి కాగితం చుట్ట ఉంచుతున్నాను. ముందు అది, దాని పైన బబుల్ ర్యాప్, బుడగలు బయటికి. డిక్కీలో వద్దు, వెనక సీట్లో నిలబెట్టి తీసుకెళ్ళమని చెప్పి పంపిస్తున్నాను.