కొలత లేక పుట్టిన నిషేధం: కారు సన్‌ఫిల్ము వివాదం నేపథ్యం

కారు అద్దాలకు ఎండను ఆపే పలుచటి ప్లాస్టిక్ ఫిల్ము వేయించుకోవచ్చా, కూడదా అన్న ప్రశ్న మళ్లీ రోడ్డెక్కింది. నిర్దేశించిన మేరకు వెలుతురును లోపలికి రానిచ్చే ఫిల్ము అద్దంపై ఉన్నంత మాత్రాన వాహన యజమానికి జరిమానా వేయడం కుదరదని 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది. అప్పటినుంచి ఫిల్ము దుకాణాలవాళ్లు ఆ తీర్పును చూపి కొనుగోలుదారుకు ధైర్యం చెబుతున్నారు. జంక్షన్లో కారు ఆపిన పోలీసులు మాత్రం అద్దంపై ఏ ఫిల్మూ కూడదన్న 2012 నాటి సుప్రీంకోర్టు తీర్పునే చెబుతున్నారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. రెండు తీర్పులూ ఒకే నిబంధన మీద వచ్చినవి. కాకపోతే మధ్యలో ఆ నిబంధనే మారిపోయింది.

ఈ కథను మామూలుగా నేరాలతో మొదలుపెడతారు. నల్లద్దాల మాటున జరిగిన అపహరణలు, అత్యాచారాలు, ఉగ్రవాద భయం అందరికీ తెలిసినవే కనుక వాటిని ఇక్కడ ఏకరువు పెట్టడం లేదు. ఇప్పటి తగువుకు మూలం వాటిలో లేదు కూడా. 2012 ఏప్రిల్ 27 తీర్పు చాలామందికి గుర్తుంది గానీ, అసలు మలుపు ఆ తర్వాత మూడు నెలలకు, ఆగస్టు 3న అదే కేసులో వెలువడిన ఉత్తర్వులో ఉంది. రోడ్డు మీద బ్లేడుతో ఫిల్ము పీకేసే దృశ్యం మన కళ్లకు అలవాటైంది ఎక్కువగా ఆ ఉత్తర్వు తర్వాతే.

ముందు నిబంధన సంగతి చూద్దాం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వది ప్రకారం ముందద్దం, వెనకద్దం గుండా కనీసం 70 శాతం, పక్కద్దాల గుండా కనీసం 50 శాతం వెలుతురు లోపలికి వెళ్లాలి. అద్దం గుండా వెళ్లే ఈ వెలుతురు శాతాన్ని వ్యాపారంలో వీఎల్‌టీ అంటారు. అద్దం అలా ఉండాలని చెప్పి ఊరుకోకుండా, దాన్ని ఆ స్థితిలోనే ఉంచాలని కూడా నిబంధన అంటుంది. ఈ ‘ఉంచాలి’ అన్న మాటను రెండు రకాలుగా చదవవచ్చు. అద్దం మీద ఏది అంటించినా వెలుతురు 70కి, 50కి తగ్గకుండా చూసుకుంటే చాలునన్నది ఒక అర్థం. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే, దానిపై మరేదీ అంటించకుండా ఉంచాలన్నది రెండో అర్థం. 2012 వరకు దేశంలోని ఫిల్ము వ్యాపారమంతా మొదటి అర్థం మీదే నడిచింది. చాలా నగరాల పోలీసులు కూడా అలాగే చదివారు: మరీ నల్లగా కనిపిస్తే చలాన్ రాసేవారు, లేతగా ఉంటే వదిలేసేవారు.

2012 ఏప్రిల్ 27న అవిషేక్ గోయెంకా వర్సెస్ భారత ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎస్.హెచ్. కపాడియా, జస్టిస్ ఎ.కె. పట్నాయక్, జస్టిస్ స్వతంత్ర కుమార్‌ల ధర్మాసనం రెండో అర్థాన్ని ఖాయం చేసింది. 70, 50 అన్న అంకెలు అద్దం తయారీకి సంబంధించినవనీ, తయారీదారు ఆ పరిమితికి లోబడి రంగు అద్దం తయారు చేసుకోవచ్చు గానీ, తయారైన అద్దంపై ఫిల్ము గానీ మరో పదార్థం గానీ అంటించడం చట్టం ఒప్పుకోదనీ తీర్పు చెప్పింది. 2012 మే 4 నుంచి దీన్ని అమలు చేయాలన్నది. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవారి విషయం మాత్రం హోంశాఖ కార్యదర్శి, పోలీసు ఉన్నతాధికారుల కమిటీకి వదిలింది.

పైకి ఇది భద్రత గురించిన తీర్పుగానే కనిపిస్తుంది. కానీ భద్రత ఒక్కటే కారణమైతే 50 శాతం వెలుతురు రానిచ్చే ఫిల్మును నిషేధించి, అంతే వెలుతురు రానిచ్చే రంగు అద్దాన్ని వదిలిపెట్టడం ఎలా పొసగుతుంది? బయట నిలబడి చూసేవాడికి రెండింటి గుండా ఒకేలా కనబడుతుంది. ఈ పొసగని ముడి ఊడాలంటే తీర్పును రోడ్డు మీద నిలబడి చదవాలి. నిబంధనలో అంకె ఉంది, దాన్ని కొలిచే పరికరం మాత్రం చాలాచోట్ల కానిస్టేబుల్ చేతిలో లేదు. 55 శాతానికీ 45 శాతానికీ ఉన్న తేడాను సాయంత్రం ఆరింటికి కంటితో చెప్పగలవారు ఎవరూ లేరు. ఇలాంటప్పుడు అమలు చేయదగిన ఆజ్ఞ ఒక్కటే మిగులుతుంది: ఫిల్ము ఉందా, లేదా? వేలికొసతో అద్దం అంచును గీకితే తెలిసిపోతుంది. కొలవలేని నిబంధనను గోటితో తేల్చగలిగే నిబంధనగా మార్చడమే ఆ తీర్పు చేసిన పని అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఫిల్ము తయారీదారులు, డీలర్లు తమ మాట కూడా వినమని కోర్టుకు వెళ్లారు. వీఎల్‌టీ పరిమితి దాటని ఫిల్మును ఎందుకు ఆపాలన్నది వారి ప్రశ్న. వేడిని ఆపే ఫిల్ము వేరు, చూపును ఆపే ఫిల్ము వేరు అన్న వాదన కొట్టిపారేయదగింది కాదు. సూర్యుడి శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలోనే వస్తుంది. వాటిని అడ్డుకోవడానికి అద్దం నల్లబడనక్కర్లేదు. ముందద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ అద్దం కాబట్టి అతినీలలోహిత కిరణాలను అదే చాలావరకు ఆపుతుంది. డోరు అద్దాలు సాధారణంగా వేడి చేసి గట్టిపరిచిన ఒంటి గాజు కాబట్టి ఆ కిరణాల్లో గణనీయమైన భాగం లోపలికి వస్తుంది. రోజంతా స్టీరింగ్ పట్టుకునే క్యాబ్ డ్రైవరుకు కుడి చేయి ఎడమ చేతికంటే నల్లబడటం మన ఊళ్లలో ఎవరైనా చూడగలిగే సంగతే. ఇంత చెప్పినా ఆగస్టు 3న కోర్టు ఆ దరఖాస్తులను తోసిపుచ్చింది. అంతటితో ఆగక, చలాన్ రాసి వదిలేయడం చాలదనీ, ఫిల్మును అక్కడికక్కడే తొలగించాలనీ ఆదేశించింది. ఆదేశాలు పాటించకపోతే పోలీసు బాసులపై ధిక్కరణ చర్యలు తప్పవని కూడా హెచ్చరించింది.

మలుపు అంటున్నది దీన్నే. అప్పట్లో మోటారు వాహనాల చట్టం 177వ సెక్షన్ కింద మొదటి తప్పుకు జరిమానా 100 రూపాయలకు మించేది కాదు. వేలు పోసి వేయించుకున్న ఫిల్ముకు వంద రూపాయల చలాన్ ఒక రకంగా అద్దె లాంటిది, కట్టి ముందుకెళ్లిపోయేవారు. పీకేయమన్న ఆజ్ఞతో ఆ లెక్క తలకిందులైంది. జరిమానా కట్టి తప్పించుకోగల వ్యవహారం కాస్తా వస్తువునే పోగొట్టుకునే వ్యవహారమైంది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ బస్సు దారుణం జరిగాక, ఆ బస్సుకు నల్లద్దాలు, తెరలు ఉన్నాయన్న విషయం బయటికొచ్చి తనిఖీలు మరింత బిగుసుకున్నాయి. ఆ తర్వాత ఫిల్ము తరఫున మాట్లాడటమే తప్పన్నట్టుగా చాలాకాలం నడిచింది.

అమలు మాత్రం ఎప్పుడూ ఒక్కతీరుగా లేదు. కొన్ని వారాలు స్పెషల్ డ్రైవ్, ఆపైన మౌనం. 2022 మార్చిలో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు జూబ్లీహిల్స్ ప్రాంతంలో వరసగా కార్లు ఆపి, కొందరు సినీ ప్రముఖుల వాహనాల నుంచి కూడా నల్ల ఫిల్ములు తొలగించినప్పుడు పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. పదేళ్ల కిందటి తీర్పు అంతవరకు అక్కడ ఎందుకు అమలు కాలేదన్న ప్రశ్న ఆ ఫొటోల పక్కన పెద్దగా వినిపించలేదు. పేరున్నవారి సంగతి అలా ఉంచితే, రోడ్డుపక్కన ఫిల్ము పీకడంలో సామాన్యుడికి మరో నష్టం ఉంది. వెనకద్దం లోపలివైపు సన్నటి గీతల్లా కనిపించే, అద్దంపై పట్టిన ఆవిరిని పోగొట్టే డీఫాగర్ తీగలు, వేడి చేయకుండా ఫిల్మును లాగితే జిగురుతో పాటు ఊడి వచ్చేస్తాయి. ఆ తర్వాత వానాకాలంలో వెనక ఏం వస్తోందో కనిపించదు. చూపు కోసం పెట్టిన నిబంధన అమలులో చూపుకే ఎసరు పెట్టిన సందర్భమిది.

ఇక నిబంధన ఎలా మారిందో చూడాలి. దీనికోసం కాస్త వెనక్కి వెళ్లి, 100వ నిబంధన సేఫ్టీ గ్లాస్‌కు ఇచ్చిన నిర్వచనాన్ని గమనించాలి. పగిలినప్పుడు కోసుకుపోయే ముక్కలుగా ఎగిరిపడకుండా ‘తయారుచేసిన లేదా శుద్ధిచేసిన’ గాజు అని అందులో ఉంది. లామినేటెడ్ అద్దమంటే మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్నదని కూడా ఆ నిబంధనే చెప్పింది. అంటే ప్లాస్టిక్ మీద చట్టానికి మొదటినుంచీ వైరం లేదు. గాజు నడుమ ఉంటే భద్రత, గాజు మీద ఉంటే నేరం అన్నది 2012 తర్వాతి పరిస్థితి. 2020లో కేంద్రం ఈ నిబంధనను సవరించింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణలో సేఫ్టీ గ్లాస్ పక్కన ‘సేఫ్టీ గ్లేజింగ్’ అన్న మాట చేరింది. దానికి ప్రమాణంగా భారతీయ ప్రమాణాల సంస్థ 2019లో సవరించిన ఐఎస్ 2553 రెండో భాగాన్ని పేర్కొన్నారు. లోపలివైపు ముఖం మీద ప్లాస్టిక్ పొర ఉన్న గాజు కూడా గ్లేజింగ్‌లో ఒక రకమేనని ఆ ప్రమాణం గుర్తిస్తుంది.

ఒక్క మాట చేరిక ఇంత పని చేస్తుందని సవరణ రాసినవారు అనుకున్నారో లేదో గానీ, ఫిల్ము కంపెనీలు మాత్రం వెంటనే పట్టుకున్నాయి. కేరళలో ఒక తయారీ సంస్థ, ఫిల్ము అమ్మినందుకు నోటీసు అందుకున్న దుకాణం, జరిమానా పడ్డ కారు యజమాని హైకోర్టుకు వెళ్లారు. 2012 నాటి తీర్పు పాత నిబంధనను బట్టి ఇచ్చిందనీ, కొత్త నిబంధనలో ప్లాస్టిక్ పొరకు చోటు ఉందనీ జస్టిస్ ఎన్. నగరేష్ అభిప్రాయపడ్డారు. వీఎల్‌టీ 70, 50 శాతాలకు తగ్గకుండా ఉన్నంతవరకు తయారీదారుడే కాదు, వాహన యజమాని కూడా అలాంటి గ్లేజింగ్‌ను వాడుకోవచ్చన్నారు. ఇది కేరళ హైకోర్టు మాట. మరో రాష్ట్రం హైకోర్టు దీన్ని గౌరవంగా పరిశీలించవచ్చు గానీ, తప్పక అనుసరించాలని లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఈ తీర్పు కాపీని డాష్‌బోర్డులో పెట్టుకు తిరిగేవారు ఈ తేడాను గమనించాలి.

పోలీసుల వాదన కూడా వినవలసిందే. తయారీదారు ఇచ్చిన రూపాన్ని యజమాని మార్చకూడదని 2019 జనవరిలో వాహన మార్పుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2012 తీర్పు వెనక ఉన్నదీ ఆ దృష్టే. ప్రమాణం మెచ్చిన గ్లేజింగ్ అంటే గాజు, పొర కలిపి పరీక్షకు నిలిచిన వస్తువే తప్ప, గాజు ఒకరిదీ ఫిల్ము మరొకరిదీ కాదని వారంటారు.

దుకాణంలో ఈ చర్చ వేరే రూపంలో నడుస్తుంది. బల్లమీద ఒక పెట్టె, అందులో వేడి బల్బు, ముందు గాజు పలక. కొనడానికి వచ్చినవారిని పలక వెనక అరచేయి పెట్టమంటారు, చురుక్కుమంటుంది. అదే బల్బు ముందుకు ఫిల్ము అంటించిన మరో పలకను జరుపుతారు. వెలుతురు అంతే కనిపిస్తుంది, వేడి తగ్గుతుంది. కార్డు తీసి మూలన ఉన్న అంకె చూపిస్తారు: వీఎల్‌టీ 70. పక్కద్దాలకు 50 చాలు కదా, ఇది ఇంకా 20 ఎక్కువేనని నచ్చజెప్పి, సబ్బునీళ్లు చల్లి, రబ్బరు పట్టీతో బుడగలు బయటికి నెట్టి, హీట్ గన్‌తో అంచులు సర్ది గంటన్నరలో కారు అప్పగిస్తారు. ఆ కార్డునే రేపు కానిస్టేబుల్‌కు చూపాలన్నది సలహా.

అయితే కార్డు మీది అంకె ఫిల్ముది, అద్దానిది కాదు. కంపెనీ నుంచి వచ్చిన అద్దానికే లేత ఆకుపచ్చ రంగు ఉంటుంది. అది వందకు వంద వెలుతురును వదలదు. చట్టం చూసేది రెండూ కలిశాక మిగిలిన వెలుతురును, దాని లెక్క గుణకారం. అద్దం 80 శాతం వదిలేదైతే దానిపై 70 శాతం ఫిల్ము వేశాక 56 మిగులుతుంది, పక్కద్దానికి సరిపోతుంది. అద్దం 75 అయితే 52.5. అద్దం 70 అయితే 49, అంటే నేరం. ముందు, వెనక అద్దాలకైతే ఈ మూడింట్లో ఏదీ పనికిరాదు. 70కి తగ్గకూడదు కాబట్టి అక్కడ ఫిల్ముకు దాదాపు చోటే లేదు. కేరళ తీర్పుతో నిజంగా తెరుచుకున్న జాగా డోరు అద్దాలే. 56 వదిలే డోరు అద్దాన్నీ 49 వదిలే డోరు అద్దాన్నీ పక్కపక్కన పెట్టినా మామూలు కంటికి తేడా తెలియదు, మీటరు పెట్టాల్సిందే. మీటరు లేని జంక్షన్లో రెండు కార్లూ ఒకేలా ఆగుతాయి, రెండింటి డ్రైవర్లూ ఒకే కార్డు తీస్తారు. దానిమీద 70 అనే ఉంటుంది.