గువ్వగుత్తి: పువ్వు రంగు చూసి పేరు పెట్టకండి

డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెబుతాను. వీలున్నప్పుడల్లా విజయనగరం చుట్టుపక్కల ఎర్రనేలల్లో, బీళ్లలో మొక్కలు సేకరిస్తాను. వానలు తగ్గాక ఫోన్‌కి వచ్చే ఫొటోల్లో గువ్వగుత్తివే ఎక్కువ. "మాస్టారూ, ఇది ఇండికమా, జైలానికమా?" అంటారు. రెండూ ట్రైకోడెస్మా ప్రజాతి (దగ్గరి పోలికలున్న జాతుల గుంపు) మొక్కలే, ఇండికం అంటే గువ్వగుత్తి. పంపేది మాత్రం పువ్వు ఒక్కటే!

అపోహ: నీలం పువ్వుది ఒక జాతి, గులాబి పువ్వుది ఇంకో జాతి.

వాస్తవం: గువ్వగుత్తి, అంటే ట్రైకోడెస్మా ఇండికం, లేత నీలంగా పూసి, ముదిరేకొద్దీ గులాబి, తెలుపు ఛాయల్లోకి మారుతుంది. నొక్కి ఎండబెట్టిన నమూనాలో ఆ రంగు కూడా సరిగా మిగలదు.

అపోహ: రెండూ ఒకటే మొక్క. మంచి నేలలో ఏపుగా పెరిగితే జైలానికం, గట్టినేలలో గిడసబారితే ఇండికం.

వాస్తవం: జైలానికం పొడగరే, మీటరు దాటి కూడా పెరుగుతుంది. గువ్వగుత్తి సాధారణంగా అరమీటరు లోపే. కానీ మేకలు కొరికిన మొక్క దగ్గర ఈ లెక్క పనిచేయదు కాబట్టి నేను ఎత్తును నమ్మను. ముందు ఆకు మొదలు చూస్తాను. గువ్వగుత్తి ఆకుకి తొడిమ ఉండదు. ఆకు అడుగున రెండు వైపులా చెవుల్లాంటి భాగాలు కాండాన్ని పట్టుకుని ఉంటాయి. జైలానికం ఆకు అడుగుకి వచ్చేసరికి సన్నబడుతుంది, కింది ఆకులకి పొట్టి తొడిమ ఉంటుంది. తర్వాత పువ్వుని వెనక్కి తిప్పి రక్షకపత్రాలు (రేకుల వెనక ఉండే ఆకుపచ్చ భాగాలు) చూడాలి. గువ్వగుత్తిలో వాటి అడుగునా అవే చెవులు, మొనదేలి కనిపిస్తాయి. జైలానికంలో అలాంటివి లేవు, అడుగు గుండ్రంగా ఉంటుంది. కాయ పట్టాక రక్షకపత్రాలు ఇంకా పెరుగుతాయి. అందుకే పూత అయిపోయిందని మొక్కని వదిలేయొద్దు, అప్పుడే తేడా బాగా తెలుస్తుంది. గరుకు నూగు రెండింటికీ ఉంది, దాన్ని బట్టి తేల్చలేం.

అపోహ: తల వాల్చిన పువ్వు వాడిపోయినట్టే.

వాస్తవం: అది దాని స్వభావం. అయిదు పరాగకోశాల (పుప్పొడి తిత్తుల) కొసలూ ఒకదానికొకటి మెలిపడి సూదిలా పొడుచుకొస్తాయి. ఈ ప్రజాతిలో నాకు అన్నిటికన్నా ముచ్చటైనది ఇదే.

అపోహ: గువ్వగుత్తి అధఃపుష్పి పేరుతో వైద్యంలో వాడే మొక్కే కదా, కషాయం తాగితే హాని ఏముంది?

వాస్తవం: గువ్వగుత్తి కుటుంబమైన బొరాజినేసిలో చాలా మొక్కల్లో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. మన చెరువుగట్ల మీద తేలుతోకలా చుట్టుకున్న పూతతో కనిపించే నాగదంతిలోనూ ఉన్నాయి. ఎండిన నాగదంతి మీద కొన్ని రకాల మగ సీతాకోకచిలుకలు వాలేది వీటి కోసమే, ఆడవాటిని ఆకర్షించే వాసనకి ఇవే ముడిసరుకు. మనిషికి మాత్రం విషమే. 1970ల్లో అఫ్గానిస్తాన్‌లో నాగదంతి ప్రజాతికే చెందిన మొక్క గింజలు గోధుమల్లో కలిసి, ఆ రొట్టెలు తిన్న వేలమంది కాలేయ వ్యాధి పాలయ్యారు. ఇది ఒక్కరోజులో బయటపడే విషం కాదు, కొంచెం కొంచెంగా తిన్నా లోపల నష్టం పేరుకుంటుంది. ఇప్పటికే కషాయం తాగుతున్నవాళ్లు, ముఖ్యంగా గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కామెర్లు వచ్చి తగ్గినవాళ్లు మానేసి, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. చూపించేటప్పుడు మొక్కని కూడా వేరుతో సహా పట్టుకెళ్లండి.