65బి సర్టిఫికెట్: ఇరవై ఏళ్ల తగువు తర్వాత వచ్చిన రెండు భాగాల ఫారం

సీసీటీవీ ఫుటేజీని పెన్‌డ్రైవ్‌లో వేసి ట్రయల్ కోర్టులో దాఖలు చేస్తే, అందులో ఏముందో చూడకముందే డిఫెన్స్ లాయర్ లేచి అడిగే మాట ఒకటుంది: సర్టిఫికెట్ ఏదీ? 2024 జులై 1 నుంచి ఆ సర్టిఫికెట్‌కు చట్టం షెడ్యూల్‌లోనే నమూనా ఉంది. హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంఖ్య) రాయాలి, నిపుణుడి సంతకమూ ఉండాలి. పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ పోయి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ వచ్చినా, కోర్టు వరండాల్లో ఇప్పటికీ దాన్ని '65బి సర్టిఫికెట్' అనే అంటున్నారు.

1872 నాటి సాక్ష్య చట్టం ప్రకారం పత్రాన్ని రుజువు చేయాలంటే అసలు పత్రమే తేవాలి. అది తేలేని కొన్ని సందర్భాల్లోనే నకలు చెల్లుతుంది. టెలికాం కంపెనీ సర్వర్‌ను కోర్టుకు మోసుకురావడం కుదరదు కాబట్టి, 2000 నాటి ఐటీ చట్టం సాక్ష్య చట్టంలో 65ఎ, 65బి సెక్షన్లను చేర్చింది. అవి ఆ ఏడాది అక్టోబరు 17న అమల్లోకి వచ్చాయి. ప్రింటవుట్, సీడీ వంటి వాటిని పత్రంగా ఒప్పుకోవడానికి 65బి(2) నాలుగు షరతులు పెట్టింది. ఆ కాలంలో కంప్యూటర్ నియంత్రణ హక్కున్న వ్యక్తి చేతిలో ఉండి రోజువారీ పనికి వాడుకలో ఉండాలి. అలాంటి సమాచారం మామూలు పనిలో భాగంగానే అందులోకి ఎక్కుతూ ఉండాలి. యంత్రం సరిగ్గా పనిచేస్తూ ఉండాలి, లేదా దాని లోపం ఈ రికార్డును తాకకుండా ఉండాలి. బయటికొచ్చిన ప్రతి ఆ సమాచారం నుంచే పుట్టాలి. వీటిని ధ్రువీకరిస్తూ 'బాధ్యత గల అధికార స్థానం'లో ఉన్నవారు సంతకం చేసిన కాగితమే 65బి(4) సర్టిఫికెట్.

ఈ షరతులు మనం రాసుకున్నవి కావు. బ్రిటన్ 1968లో చేసిన సివిల్ ఎవిడెన్స్ చట్టం 5వ సెక్షన్ నుంచి దాదాపు మాటకు మాట తెచ్చుకున్నవి. ఆనాడు కంప్యూటరంటే ఒక సంస్థలో, ఒక గదిలో, దాని కోసమే నియమించిన సిబ్బంది నడిపే యంత్రం. అక్కడ 'అధికార స్థానం' అన్న మాటకు అర్థముంది. సెల్‌ఫోన్‌తో వీడియో తీసిన కిరాణా కొట్టు యజమానికి ఏ అధికార స్థానం ఉంటుంది? పైగా మనం తెచ్చుకునే సరికి బ్రిటన్ ఆ సెక్షన్‌ను వదిలేసింది. సివిల్ కేసుల్లో 1995 చట్టంతో తీసేసింది. క్రిమినల్ కేసులకు 1984 నుంచి ఉన్న ఇలాంటి నిబంధనను 1999 చట్టంతో రద్దు చేసింది. ఆ రద్దు 2000 ఏప్రిల్‌లో అమలైంది. అక్కడ పక్కన పెట్టిన నిబంధన ఆరు నెలలకు ఇక్కడ కొత్త చట్టమైంది.

అలాగని బ్రిటన్ చేసిందంతా తెలివైన పనేమీ కాదు. నిబంధన పోయాక అక్కడి కోర్టులు, ఎదుటి పక్షం అనుమానానికి ఆధారం చూపనంతవరకు, కంప్యూటర్ సరిగ్గానే పనిచేసిందని అనుకోవడం మొదలుపెట్టాయి. పోస్టాఫీసుల హొరైజన్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తప్పుడు లోటు చూపించగా, 1999 నుంచి 2015 మధ్య 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లకు శిక్షలు పడ్డాయి. వాటిని మూకుమ్మడిగా రద్దు చేయడానికి 2024లో ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. 'యంత్రం సరిగ్గా పనిచేసింది' అని ఎవరో ఒకరు సంతకం పెట్టి బాధ్యత తీసుకోవడం పనికిమాలిన తంతు కాదని ఈ ఉదంతం చూస్తే తెలుస్తుంది. మన దగ్గర వచ్చిన చిక్కల్లా, తగువు యంత్రం గురించి కాకుండా కాగితం గురించే సాగడం.

ఆ తగువు పార్లమెంటుపై దాడి కేసుతో మొదలైంది. కాల్ రికార్డుల ప్రింటవుట్లకు 65బి సర్టిఫికెట్ లేదు. 2005 ఆగస్టు 4న ఇచ్చిన తీర్పులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జడ్జిగా పనిచేసిన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి సభ్యుడిగా ఉన్న సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల ధర్మాసనం, సర్టిఫికెట్ లేకపోయినా పాత చట్టం 63, 65 సెక్షన్ల కింద ద్వితీయ సాక్ష్యంగా, అంటే అసలుకు బదులు నకలుగా, ఇవ్వడానికి అడ్డు లేదంది. కంపెనీ అధికారి బోనెక్కి చెబితే సరిపోయింది. తొమ్మిదేళ్ల పాటు దేశమంతటా పోలీసులు ఈ తీర్పు ధీమాతోనే సీడీఆర్‌లు (కాల్ రికార్డులు) దాఖలు చేశారు.

2014 సెప్టెంబరు 18న అన్వర్ వర్సెస్ బషీర్ తీర్పు ఆ ధీమాను పోగొట్టింది. కేరళలోని ఎరనాడ్ నియోజకవర్గం 2011 ఎన్నికపై వివాదం అది. ప్రసంగాలను, ప్రచార పాటలను రికార్డు చేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, అక్కణ్నుంచి సీడీలు తీసి దాఖలు చేశారు. సర్టిఫికెట్ లేదు. ప్రత్యేక సెక్షన్ ఉండగా సాధారణ సెక్షన్ల దారి పట్టడం కుదరదని ముగ్గురు జడ్జీలు తేల్చి, 2005 తీర్పులోని ఆ భాగాన్ని కొట్టేశారు. రికార్డు చేసిన పరికరాలనే తెచ్చి ఉంటే సంగతి వేరని కూడా అన్నారు. ఈ చిన్న మాట తర్వాత చాలా పనికొచ్చింది.

అప్పటికే విచారణ ముగిసిన కేసులు, అప్పీళ్లలో ఉన్న కేసులు ఏం కావాలి? 2017లో సోనూ వర్సెస్ హరియాణా కేసులో జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు రాసిన తీర్పు దీనికి కొంత దారి చూపింది. సర్టిఫికెట్ లేదన్నది రుజువు చేసే పద్ధతికి సంబంధించిన అభ్యంతరం. రికార్డును ట్రయల్‌లో మార్క్ చేసేటప్పుడే (సాక్ష్యంగా నంబరు వేసేటప్పుడే) లేవనెత్తాలి, అప్పీలులో మొదటిసారి లేవనెత్తితే కుదరదు అంది. 2018 జనవరిలో షఫీ మహమ్మద్ కేసులో ఇద్దరు జడ్జీలు ఇంకో అడుగు వేసి, పరికరం తన చేతిలో లేని పక్షానికి సర్టిఫికెట్ నుంచి సడలింపు ఇవ్వవచ్చన్నారు. ముగ్గురు తప్పనిసరి అన్నదాన్ని ఇద్దరు సడలించడంతో కింది కోర్టులు ఎటు మొగ్గాలో తెలియక నలిగాయి.

చివరికి ఇది మహారాష్ట్రలోని జాల్నా ఎన్నిక కేసుతో తేలింది. 2014 ఎన్నికలో అర్జున్ ఖోత్కర్ 296 ఓట్ల తేడాతో గెలిచారు. ఆఖరి రోజున మధ్యాహ్నం మూడు దాటాక ఆయన నామినేషన్ వేశారనడానికి రిటర్నింగ్ ఆఫీసర్ కార్యాలయంలోని వీడియోలే ఆధారం. ఓడిన అభ్యర్థి ఎన్నిసార్లు అడిగినా అధికారులు సర్టిఫికెట్ ఇవ్వలేదు. 2020 జులై 14న ముగ్గురు జడ్జీల ధర్మాసనం అన్వర్ తీర్పే సరైనదని, షఫీ తీర్పు చెల్లదని ప్రకటించింది. అయితే చేయగలిగిందంతా చేసినా అవతలివారు సర్టిఫికెట్ ఇవ్వకపోతే, చేతకాని పనిని చట్టం కోరదు కాబట్టి ఆ పక్షానికి మినహాయింపు ఉంటుందంది. సర్టిఫికెట్ తెప్పించమని కోర్టునే కోరవచ్చు. ట్రయల్ ముగిసేలోగా దాఖలు చేసుకోవచ్చు. ఫోన్ లేదా ల్యాప్‌టాప్ సొంతదారు దాన్నే పట్టుకొచ్చి బోనెక్కితే సర్టిఫికెట్ అక్కర్లేదు. తెలంగాణ హైకోర్టులో జడ్జిగా పనిచేసి వెళ్లిన జస్టిస్ వి. రామసుబ్రమణియన్ విడిగా రాసిన అభిప్రాయంలో అమెరికా, బ్రిటన్, కెనడా చట్టాలను వరుసగా పరిశీలించి, 65బిని తిరిగి చూడాల్సిన సమయం వచ్చిందన్నారు.

ఇదే తీర్పులో టెలికాం కంపెనీలకు ఇచ్చిన ఆదేశం అంతగా ప్రచారంలోకి రాలేదు గానీ పోలీసుల రోజువారీ పనికి అదే ముఖ్యం. దర్యాప్తులో స్వాధీనం చేసుకున్న సీడీఆర్‌లను కంపెనీలు విడిగా భద్రపరచాలి. అప్పట్లో లైసెన్సు షరతు ప్రకారం రికార్డులు ఏడాదే ఉంచేవారు. 2021 డిసెంబరులో దాన్ని రెండేళ్లు చేశారు. ట్రయల్ ఐదేళ్లకు మొదలైతే, భద్రపరచమని ముందే లేఖ ఇవ్వని కేసులో కంపెనీ నోడల్ ఆఫీసర్ (పోలీసులకు రికార్డులు ఇచ్చే అధికారి) దగ్గర సర్టిఫై చేయడానికి రికార్డే ఉండదు.

సీసీటీవీ విషయంలో గడువు ఇంకా తక్కువ. ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే, నాలుగు కెమెరాలకు రోజుకు సుమారు 86 జీబీ అవుతుంది. ఒక టీబీ డిస్క్ పన్నెండు రోజులు తిరగకుండానే నిండి, పాతదాని మీద కొత్తది పడుతుంది. ఫుటేజీ తీసేటప్పుడు మొదట డీవీఆర్ (కెమెరాల వీడియోను రికార్డు చేసే పెట్టె) గడియారాన్ని సరైన సమయంతో పోల్చి, తేడా ఎన్ని నిమిషాలో పంచనామాలో రాయాలి. గడియారాన్ని సరిదిద్దకూడదు. ఫైలును డీవీఆర్ సొంత ఫార్మాట్‌లో, దాని ప్లేయర్‌తో సహా తీసుకోవాలి. ఎంపీ4గా మారిస్తే అది వేరే ఫైలు. అక్కడే, సీలు వేయకముందే హ్యాష్ తీసి పంచనామాలో ఎక్కించాలి. హార్డ్‌డిస్క్‌నే స్వాధీనం చేసుకుంటే రైట్ బ్లాకర్ (డిస్క్ మీద ఏదీ రాయనివ్వని పరికరం) లేకుండా స్టేషన్ కంప్యూటర్‌కు తగిలించకూడదు. తెరిచి చూడకపోయినా ఆపరేటింగ్ సిస్టమ్ డిస్క్ మీద ఏదో ఒకటి రాస్తుంది. దాంతో మొత్తం డిస్క్ హ్యాష్ మారిపోతుంది.

కొత్త చట్టం పట్టుకున్నది ఈ హ్యాష్‌నే. ఫైలులోని ప్రతి బిట్‌నూ లెక్కలోకి తీసుకుని వచ్చే స్థిర పొడవు సంఖ్య అది. షా256 అయితే 64 అక్షరాలు, షా1 అయితే 40, ఎండీ5 అయితే 32. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హ్యాష్ ఆదేశం ఇస్తే షా256 విలువ వస్తుంది. ఫైలు పేరు మార్చినా, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినా ఆ విలువ మారదు. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది కుదించి పంపుతుంది కాబట్టి మారుతుంది. ఫారంలో షా1, షా256, ఎండీ5 మూడింటికీ గడులు ఇచ్చారు. ఒకే ఎండీ5 విలువ వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను తయారు చేయవచ్చని 2004లోనే తేలింది. షా1కీ 2017లో అదే గతి పట్టింది. 2023లో చేసిన చట్టంలో వాటికి చోటివ్వడం అర్థం కాని పని. షా256 గడిలోనే టిక్ పెట్టడం క్షేమం.

హ్యాష్ ఒక హద్దు దాటి ఏమీ చెప్పదు. లెక్కగట్టిన క్షణం నుంచి ఫైలు మారలేదని చెబుతుంది, అంతే. అంతకుముందు దాన్ని కత్తిరించారా, అది డీప్‌ఫేకా అన్నది దానికి తెలియదు. చాట్ స్క్రీన్‌షాట్‌కు తీసిన హ్యాష్ ఆ బొమ్మ ఫైలుకే వర్తిస్తుంది, చాట్‌కు కాదు.

షెడ్యూల్‌లోని పార్ట్ ఎ రికార్డు దాఖలు చేసే పక్షం నింపాలి: పరికరం రకం, మేక్, మోడల్, రంగు, సీరియల్ నంబరు, ఐఎంఈఐ వంటి గుర్తింపు, హ్యాష్ విలువ, తేదీ, 24 గంటల పద్ధతిలో సమయం. హ్యాష్ రిపోర్టును జత చేయాలి. పార్ట్ బి నిపుణుడు నింపాలి. 63(4)లో ఆ నిపుణుడు ఎవరో చెప్పలేదు. ఐటీ చట్టం 79ఎ కింద ప్రకటించిన ఎలక్ట్రానిక్ సాక్ష్య పరీక్షకుల అభిప్రాయం గురించి 39(2) సెక్షన్ విడిగా మాట్లాడుతుంది. వాళ్లే సంతకం చేయాలా, కంప్యూటర్ పరిజ్ఞానం ఉన్న ఎవరైనా చాలా? మొదటి అర్థం తీసుకుంటే, అప్పు వసూలు దావాలో చాట్ దాఖలు చేసే చిన్న వ్యాపారి పార్ట్ బి కోసం ఎక్కడ తిరగాలి? రెండోది తీసుకుంటే నిపుణుడి సంతకం ఉత్త లాంఛనమవుతుంది. 65బి విషయంలో ఏళ్ల తరబడి నడిచిన అయోమయం లాంటిదానికే ఇక్కడా చోటుంది.

కొత్త చట్టం 57వ సెక్షన్‌తో మరో ముడి పడింది. వీడియో ఒకేసారి రికార్డవుతూ వేరే చోటికీ ప్రసారమైతే, నిల్వ అయిన ప్రతి ప్రతీ ప్రాథమిక సాక్ష్యమేనని దాని వివరణ చెబుతుంది. డీవీఆర్‌లోదీ క్లౌడ్‌లోదీ రెండూ అసలైనవే అన్నమాట. అలాంటప్పుడు క్లౌడ్ నుంచి దించిన ఫైలుకు సర్టిఫికెట్ కావాలా వద్దా అన్న వాదన మళ్లీ మొదటికొస్తుంది. ఆ వాదన తేలేదాకా సర్టిఫికెట్ జతచేయడమే నయం. పైగా రికార్డును ఎన్నిసార్లు సమర్పిస్తే అన్నిసార్లూ సర్టిఫికెట్ ఉండాలని 63(4) అంటోంది.

కొత్త చట్టం 170వ సెక్షన్ ప్రకారం 2024 జులై 1 నాటికి పెండింగ్‌లో ఉన్న దర్యాప్తులకు, విచారణలకు, అప్పీళ్లకు పాత చట్టమే వర్తిస్తుంది. కాబట్టి ఒకే కోర్టులో, ఒకే రోజు, 2023 నాటి కేసుకు నోడల్ ఆఫీసర్ ఒక్కరి సంతకంతో 65బి సర్టిఫికెట్, 2025 నాటి కేసుకు హ్యాష్ రిపోర్టుతో కూడిన రెండు భాగాల ఫారం దాఖలవుతున్నాయి. ఎఫ్ఐఆర్ తేదీ చూడకుండా ఫారం తయారు చేస్తే అభ్యంతరం అక్కడే మొదలవుతుంది.