ఊరు రేవును వదిలి వెళ్లిన ఏడాది

2027 పుష్కరాలు దగ్గర పడుతున్న కొద్దీ రాజమహేంద్రవరంలో గోదావరి గట్టు వెంట ఇళ్లు తీసేసే మాట మళ్ళీ లేచింది. ఘాట్లు పొడిగించాలన్నా, దారులు వెడల్పు చేయాలన్నా అందరి చూపూ ముందు పడేది రేవు వెనక సందుల మీదే. రాజరాజనరేంద్రుడి నుంచి కాటన్ దొర, వీరేశలింగం గారి దాకా ఉన్న చరిత్ర ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు, దాని జోలికి పోవడం లేదు. ఇప్పటి తగవు మూలం 1974లో ఉంది.

ఆ ఏడాది రోడ్డు కం రైలు వంతెన తెరుచుకుంది. అంతకు ముందు అవతలి గట్టున ఉన్న కొవ్వూరు నుంచి రావాలంటే హేవలాక్ వంతెన మీద రైలెక్కాలి, లేదా లాంచీ ఎక్కాలి. బస్సుకూ లారీకీ ఇక్కడ నది దాటే దారి లేదు. మన్యం నుంచి కలప, వెదురు తెప్పలుగా నీళ్ల మీదే దిగేవి. రేవే ఊరికి వీధి గుమ్మం. షావుకార్లు, సత్రాలు, కలప అడితీలు నదికి దగ్గరగా చేరింది అందుకే. వంతెన వచ్చాక సరుకు లారీ ఎక్కింది, లారీకి ఈ సందులు పట్టలేదు. బట్టల టోకు వ్యాపారం తాడితోటలో స్థిరపడింది. ఆస్పత్రులు దానవాయిపేటలో పెరిగాయి. కొత్త ఇళ్లు మోరంపూడి, బొమ్మూరు దాకా పాకాయి. గోదావరి ఊరికి పెరడు అయిపోయింది.

ఇన్నీసుపేట నుంచి నది వైపు దిగే ఒక సందులో పాత మండువా ఇల్లు ఒకటి ఉంది. టేకు స్తంభాలు ఇంకా నిలబడే ఉన్నాయి. అరుగు పైన గోడకు వరుసగా ఆరు కరెంటు మీటర్లు. సొంతదారు పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డారు. లోపల ఆరు కాపురాలు: బట్టల కొట్టు గుమస్తా, ఇద్దరు హమాలీలు, ఇడ్లీ బండి నడిపే అక్కాచెల్లెళ్లు, చేపలమ్మే ముసలమ్మ, ఆస్పత్రి ఆయా. మండువాలో వాన నీరు పడే చోట ఇప్పుడు అందరి బిందెలూ ఉంటాయి.

గట్టు మీది పాకల వాళ్ల కథ వేరు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద లంకలను ముంచెత్తింది. అప్పుడు గట్టెక్కిన తమ పెద్దలు మళ్ళీ లంకకు వెళ్లలేదని, ఊరు వదిలేసిన చోటే తాము పాక వేసుకున్నామని అక్కడి వాళ్లు చెబుతారు. ఆక్రమణదారులన్న మాట వాళ్లకు అందుకే అంత బాధ కలిగిస్తుంది.

అధికారుల వాదన 2015 జులై 14 నుంచి మొదలవుతుంది. పుష్కరాల తొలి రోజు తొక్కిసలాటలో పాతిక మందికి పైగా ప్రాణాలు పోయాయి, కాబట్టి చోటు కావాలంటారు. కావాలి, కాదనేవారు లేరు. కానీ ఆ రోజు జనం నలిగింది ఒకే ఘాటు దగ్గర, ఈ సందుల్లో కాదు.

కార్పొరేషన్ జనాభా 2001లో 3.15 లక్షలు, 2011లో సుమారు 3.42 లక్షలు. పదేళ్లలో పెరిగింది పాతిక వేల పైచిలుకే. చుట్టుపక్కల పల్లెలను కలిపితే మాత్రం 2011 నాటికే నాలుగున్నర లక్షలు దాటింది. అంటే పెరిగిన ఊరు అంచుల్లో ఉంది. నడిబొడ్డున మారింది మనుషులే: ఉన్నవాళ్లు వెళ్లారు, లేనివాళ్లు వచ్చారు. ఆ తర్వాత జనాభా లెక్కలే తీయలేదు. పునరావాసం జాబితా ఏదైనా మీటరు, రేషను కార్డు చూసి రాయాల్సిందే. అద్దెకున్న వాళ్లకు, గట్టు మీది వాళ్లకు ఆ రెండింట్లో ఏదో ఒకటి లేకపోవడం మామూలే.

కొత్త జనగణనకు ఆధార తేదీ 2027 మార్చి 1. పుష్కరాలు ఆ తర్వాతే. ఈలోగా ఇళ్లు తీసేస్తే ఆ చేపలమ్మే ముసలమ్మ ఏ వార్డు లెక్కలోకి వస్తుంది? ముందు ఇంటింటికీ వెళ్లి మనుషుల పేర్లు రాయాలి, రోడ్డు కొలతలు ఆ తర్వాత.