విండోస్ 10 గొడవ వెనక పేజ్‌మేకర్ నాటి ముడి

నల్లగొండ ప్రకాశం బజారులో, మహబూబ్‌నగర్ క్లాక్‌టవర్ చుట్టుపక్కల గల్లీల్లో ఏ డీటీపీ సెంటర్‌కు పోయినా ఇప్పుడు ఒకటే చర్చ. పాత సిస్టం ఉంచాలా, తీసేయాలా? విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంకా కావాలని నమోదు చేసుకున్న మామూలు వాడకందార్లకు 2026 అక్టోబరు 13 వరకు గడువు పొడిగించింది. ఆ తేదీ దగ్గర పడుతుండడంతో కొన్నాళ్లు సద్దుమణిగిన వాదన మళ్లీ లేచింది. ఈసారి దానికి ర్యామ్ ధరలు తోడయ్యాయి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ చిప్పులు అటు మళ్లి 2025 చివరి నుంచి ధరలు ఎగబాకాయి. మామూలు కొనుగోలుదార్లకు క్రూషియల్ పేరుతో ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నామని మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. కొత్త సిస్టం కొనుక్కోమని చిన్న షాపు వాళ్లకు చెప్పే కాలం కాదిది.

విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్‌ను ఎవరు మొదలుపెట్టారు, ఎట్లా పెరిగింది అన్న కథ అందరికీ తెలిసిందే, మళ్లీ చెప్పను. విండోస్ 11 షరతులు కూడా ఇప్పటికి నోటికొచ్చేశాయి: భద్రతా ఏర్పాట్లైన టీపీఎం 2.0, సెక్యూర్ బూట్, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్లు. మన దగ్గర పెళ్లిపత్రికలు, కరపత్రాలు, దస్తావేజులు కొట్టే సిస్టంలలో చాలావాటికి ఇంకా రెండో తరం, మూడో తరం ఐ3లే ఉన్నాయి. హెచ్61 బోర్డు, డీడీఆర్3 ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. షరతులకు అవి ఆమడ దూరం.

హార్డ్‌వేర్ షాపుల వాళ్లు కొత్తది తీసుకోమంటున్నారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. డిస్క్ తాళాలు, పాస్‌వర్డుల రహస్యాలు భద్రంగా దాచే టీపీఎం మంచిదే. రూఫస్ అనే టూల్‌తో ఆ షరతుల తనిఖీలు దాటించి పాత బోర్డు మీద విండోస్ 11 ఎక్కించే టెక్నీషియన్లూ ఉన్నారు, కానీ అలాంటి వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పేసింది.

రెండో పక్క లినక్స్ వాళ్లు. నేనూ ఆ పక్కవాణ్ణే. అదే ఐ3లో హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టి, ర్యామ్ 8 జీబీ చేసి, లినక్స్‌లో తేలికపాటి రకమైన మింట్ 22 ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కిస్తే అది తడబడకుండా పనిచేస్తుంది. ఉబుంటు 24.04 అనే మరో లినక్స్ పునాది మీద కట్టింది కాబట్టి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. బ్రౌజర్, యూట్యూబ్, లిబ్రేఆఫీస్, పీడీఎఫ్‌లు, స్కానింగ్ అన్నీ జరిగిపోతాయి. ఇంట్లో పిల్లల చదువుకు, చిన్న కిరాణా షాపు లెక్కల షీటుకు నేను ఎవరికైనా కళ్లు మూసుకుని ఇదే చెబుతాను.

డీటీపీ ఆపరేటర్ దగ్గరికి పోయేసరికి మా మాట ఆగిపోతుంది. మింట్ ఎక్కించిన సిస్టం ముందు కూర్చుని ఒక ఆపరేటర్ అడిగిన ప్రశ్నకు ఈ మొత్తం గొడవలో ఎవరూ సరిగ్గా బదులివ్వలేదు. "స్పీడు మస్తుందన్నా. మరి అను ఎట్ల? ఇన్నేండ్ల నా పీఎండీ ఫైళ్లేం గావాలె?"

అను అంటే తెలుగు కొట్టే సాఫ్ట్‌వేర్, పీఎండీ అంటే పేజ్‌మేకర్‌లో చేసిన ఫైలు. నా లెక్కలో గొడవంతా ఈ ప్రశ్నలోనే ఉంది. ఇది పుట్టింది 2001లో.

ఆ ఏడాది జులైలో పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ అడోబ్ పేజ్‌మేకర్ 7.0 వచ్చింది. అక్టోబరు 25న విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. ఎక్స్‌పీలో తెలుగు మొదటిసారి సిస్టంలో భాగమైంది. గౌతమి ఫాంటు, తెలుగు కీబోర్డు దాంతోపాటే వచ్చాయి. అన్ని భాషల అక్షరాలకు ఒకే సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉంది. ఎక్స్‌పీతో ఆ చోటు మామూలు వాడకందారు టేబుల్ మీదికి వచ్చింది. పేజ్‌మేకర్ 7.0కు మాత్రం యూనికోడ్ అంటే ఏమిటో తెలియదు. ఒకే ఏడాది రెండు దారులు తెరుచుకుంటే తెలుగు ముద్రణ రంగం పేజ్‌మేకర్ దారి పట్టింది. ఆ దారిలో తెలుగు కొట్టడానికి తోడుగా నిలిచింది అను స్క్రిప్ట్ మేనేజర్, దాని ఫాంట్లు.

తేడా ఎక్కడుందో ఒక్క మాట తీసుకుని చూద్దాం. యూనికోడ్‌లో "స్త్రీ" అంటే ఆరు సంకేతాలు వరుసగా ఉంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. తెర మీద వాటిని కలిపి వత్తులు కింద పెట్టే పని సాఫ్ట్‌వేర్‌ది. ఫాంటు మార్చినా, విండోస్ నుంచి లినక్స్‌కు పోయినా, ఫోన్లో తెరిచినా ఆ ఆరు సంకేతాలు మారవు. పాత ఫాంట్ల పద్ధతి వేరు. 256 గళ్ల పట్టికలో ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన గళ్లలో తలకట్టు ఒకటి, గుడి ఒకటి, తవత్తు ఒకటి అంటూ తెలుగు ముక్కలు పేర్చారు. ఆపరేటర్ కొట్టింది తెరమీద తెలుగులా కనిపిస్తుంది. ఫైలు లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ గళ్ల నంబర్లే. ఆ ఫాంటు లేని సిస్టంలో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపించేది అందుకే. మన కరపత్రాలు ఇప్పటికీ వాట్సాప్‌లో అక్షరాలుగా కాకుండా ఫొటోలుగా తిరుగుతున్నదీ అందుకే. మాడ్గులపల్లి అని ఫోన్లో వెతికితే ఆ ఊరి పేరున్న పాత దస్తావేజు ఒక్కటీ దొరకదు.

ఇందులో ఆపరేటర్ల తప్పు ఉందని నేను అనను. వాళ్ల వైపు కథ వింటే ఆ ఎంపిక న్యాయమైందే అనిపిస్తుంది. ఎక్స్‌పీలో తెలుగు ఉందన్న మాటే గానీ అది వెంటనే పలికేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజినల్ ఆప్షన్స్ తెరిచి, లాంగ్వేజెస్ ట్యాబ్‌కు పోయి, కాంప్లెక్స్ స్క్రిప్టుల గడిలో టిక్ పెట్టాలి. టిక్ పెట్టగానే ఎక్స్‌పీ సీడీ పెట్టమని అడిగేది. షాపులో సిస్టం పెట్టించుకున్నవాడి దగ్గర సీడీ ఎక్కడిది? ఎక్కించినవాడు ఎప్పుడో పట్టుకుపోయాడు. ఆ ఒక్క టిక్ దగ్గర ఎన్ని షాపులు ఆగిపోయాయో. అంత కష్టపడి తెచ్చుకున్నా దొరికేది గౌతమి ఒక్కటే. పెళ్లిపత్రికకు గౌతమి పెడితే ఎవరు ఒప్పుకుంటారు? తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా ఇచ్చినా పేజ్‌మేకర్ వాటిని తీసుకోలేదు. మరోపక్క అనులో పదుల కొద్దీ అందమైన ఫాంట్లు, వేళ్లకు అలవాటైన యాపిల్ కీబోర్డు లేఅవుట్, ప్రెస్సు వాడు మారుమాట లేకుండా తీసుకునే ఫైలు. రోజుకు ఇన్ని పేజీలని కొట్టి బతికేవాడు ఇంకేం ఎంచుకుంటాడు?

తప్పు జరిగింది ఆ తర్వాత. 2004లో అడోబ్ పేజ్‌మేకర్‌ను ఇక ముందుకు తీసుకుపోనని చెప్పేసింది. 7.0 చివరిదైంది. ఆనాడే ఈ వ్యాపారం మొత్తం కదలాల్సింది. కదిలించాల్సిన వాళ్లు ఎవరూ కదిలించలేదు. పెద్ద పత్రికలకు వాటి సొంత ఫాంట్లు ఉండేవి. వాటి వెబ్‌సైట్లు చదవడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే యాడ్-ఆన్ వేసుకుని యూనికోడ్‌లోకి మార్చుకోవాల్సి వచ్చిన రోజులవి. భారతీయ భాషలకు యూనికోడే ప్రమాణమని కేంద్ర ప్రభుత్వం 2009లో ప్రకటించింది. కానీ నకలు పీఎండీలో తెచ్చినా ఆఫీసులు తీసుకుంటూనే పోయాయి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయి సూర్యాపేట, యాదాద్రి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వచ్చాయి, 2019లో నారాయణపేట వచ్చింది. కొత్త కలెక్టరేట్ల ముందు కొత్త డీటీపీ షాపులు తెరిచారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పాత ఫైళ్ల బరువు లేదు, కొత్త పద్ధతి నేర్పితే నేర్చుకునేవాళ్లు. నేర్పేవాళ్లు లేక వాటిల్లోకీ పేజ్‌మేకరే వచ్చి కూర్చుంది.

ఈ కాలమంతా లినక్స్ వైపు పని ఆగలేదు. తెలుగులో లోహిత్ ఫాంటు వచ్చింది. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టం తెచ్చింది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ బాస్ లినక్స్ విడుదల చేసింది. 2010ల మొదట్లో సిలికానాంధ్ర తెచ్చిన యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో అందరికీ అందాయి. వాటిలో ఒకదాని పేరు సురవరం. పాలమూరు మట్టిలో పుట్టి, 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి పేరు అది. ఆ ఫాంటుతో ఒక్క బ్యానరైనా కొట్టిన షాపు మహబూబ్‌నగర్‌లో నాకు ఇంతవరకు కనిపించలేదు. ఇది నాకు నిజంగా బాధ.

ఇది అయ్యే పని కాదనేవాళ్లకు నేను కేరళ చూపిస్తాను. అక్కడ స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వాళ్లు 2002 నుంచి ఫాంట్ల మీద, కీబోర్డుల మీద పట్టుబట్టి పనిచేశారు. బళ్లలో కంప్యూటర్ పాఠాలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మారాయి. 2019లో జనయుగం దినపత్రిక తన పేజీల తయారీని మొత్తంగా లినక్స్, పేజ్‌మేకర్‌లా పేజీలు కూర్చే ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్రైబస్, యూనికోడ్ మలయాళం మీదికి మార్చేసింది. రోజూ పొద్దున్నే అచ్చయి జనం చేతికి పోవాల్సిన పత్రిక అది. మలయాళం వత్తులు, కూటాక్షరాలు తెలుగు కంటే తేలికేం కాదు. స్క్రైబస్‌లో భారతీయ లిపులు సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ చేరి చాలా కాలమైంది. ఆ సౌకర్యంతో స్థిరమైన 1.6 వెర్షన్ 2024 జనవరిలో వచ్చింది. అంటే నల్లగొండ ఆపరేటర్ అడిగిన ప్రశ్నలో సగానికి, ఇకమీదట కొట్టే కొత్త పనికి, జవాబు దొరికినట్టే.

మిగతా సగం పాత ఫైళ్లు. వాటి సంగతి తేల్చకుండా "మింట్ వేసుకోండి" అనడం మా వాళ్ల వైపు నుంచి సరైన మాట కాదు. ఆ డిస్కుల్లో ఉన్నవి పెళ్లిపత్రికలే కాదు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ల మీద నడిచిన పోరాటాల కరపత్రాలున్నాయి, పాలమూరు వలసల మీద సంఘాలు వేసిన చిన్న పుస్తకాలున్నాయి, ఊరి గుళ్ల చరిత్రలున్నాయి. వాటిలో చాలావాటికి ఇంకో ప్రతి ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. షాపువాడు పాత సిస్టం ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తే డిస్కుతో పాటు అవీ స్క్రాప్‌కు పోతాయి.

కాబట్టి సిస్టం మార్చే ముందు చేయాల్సిన పని ఒకటుంది. పీఎండీ ఫైళ్లు, అవి వాడిన ఫాంట్లు కలిపి ఒకే ఫోల్డరులో పెట్టి రెండు చోట్ల కాపీ చేయాలి. ఫాంటు లేకుండా ఫైలు ఒక్కటే దాస్తే లాభం లేదు. తర్వాత, పేజ్‌మేకర్ ఇప్పటికే నడుస్తున్న పాత విండోస్‌ను పారేయకుండా ఇంటర్నెట్ తీసేసి అట్లాగే ఉంచుకోవచ్చు. చేతనైతే లినక్స్ లోపలే ఇంకో సిస్టం నడిపించే వర్చువల్‌బాక్స్‌లో పెట్టుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు తాళంలా గుచ్చే డాంగిల్ ఉంటే ఆ యూఎస్‌బీని దానికి అప్పగించాలి. నెట్‌కు తగలని సిస్టంకు అప్‌డేట్లు ఆగిపోయినా పెద్ద ముప్పు లేదు, పెన్‌డ్రైవ్‌ల దగ్గర జాగ్రత్తగా ఉంటే చాలు.

మార్పిడి కూడా అన్నిటికీ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గరి డాక్యుమెంట్ రైటర్‌ను అడిగి చూడండి. ఫైళ్లు వేలల్లో ఉన్నా మూసలు కొన్నే: సేల్ డీడ్, గిఫ్ట్ డీడ్, అగ్రిమెంటు, కిరాయి పత్రం, భాగపంపకం. ఆ కొన్నిటిని అను నుంచి యూనికోడ్‌కు కన్వర్టర్‌తో మార్చి, ఒకసారి కూర్చుని కళ్లతో సరిచూసుకోవాలి. కన్వర్టర్లు వత్తుల దగ్గర, వట్రసుడి దగ్గర పొరపాట్లు చేస్తాయి, సర్వే నంబర్లు, హద్దులు ఉండే కాగితంలో ఆ పొరపాటు ఖరీదైనది. కీబోర్డు సంగతికొస్తే, లినక్స్‌లో భారతీయ భాషల ప్రామాణిక లేఅవుట్ ఇన్‌స్క్రిప్ట్ సిద్ధంగా ఉంటుంది. వేళ్లకు పడిన అలవాటు మార్చుకోలేని వాళ్లకు లినక్స్‌లో కీబోర్డులు తయారుచేసుకునే ఎం17ఎన్ పద్ధతిలో లేఅవుట్ అంటే మామూలు టెక్స్ట్ ఫైలే, తెలిసినవాడు తమకు కావాల్సినట్టు రాసిపెట్టగలడు.

ఇక ప్రింటర్. మన దగ్గర డీటీపీ షాపుల్లో ఎక్కువగా కనిపించేవి కానన్ ఎల్‌బీపీ 2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. హెచ్‌పీ 1020కి ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ పోవాలి. లినక్స్‌లో హెచ్‌పీ ప్రింటర్ల డ్రైవర్ హెచ్‌పీలిప్, దాని ప్లగిన్ ఎక్కిస్తే అది దానంతటదే జరుగుతుంది. కానన్ 2900 క్యాప్ట్ అనే తన సొంత పద్ధతిలో మాట్లాడుతుంది, లినక్స్‌లో దాన్ని నిలబెట్టడం ఇప్పటికీ తలనొప్పే. అది ఉన్న షాపులో ప్రింటును పీడీఎఫ్‌గా తీసి, పక్కన ఉంచుకున్న పాత విండోస్ సిస్టం నుంచి కొట్టుకోవడమే ప్రస్తుతానికి దారి. ఈ మాట సిస్టం మార్చే ముందే ఆపరేటర్‌కు చెప్పాలి, మార్చిన తెల్లారి ఫోన్ చేసినప్పుడు కాదు.